కడుపుతో ఉన్న తల్లికి కండ్ల పరీక్ష ఎందుకు?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వలో చాలా పల్లెలు ఉన్నాయి. ఆ పల్లెల్లో ఎన్నో ఇండ్ల అరుగుల మీద ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ కనబడతారు. తునికాకు కత్తిరించాలి. జర్దా పోయాలి. చుట్టాలి. దారం కట్టాలి. ఈ పనికి వేళ్లు ఎంత అవసరమో కండ్లూ అంతే అవసరం.

అలాంటి ఒక పల్లెలో ఒక కోడలు ఉందనుకుందాం. ఆమె పేరు మంజుల అనుకుందాం. వయసు 28 ఏండ్లు. ఒక పాప ఉంది. రెండేండ్ల కింద మంజులకు షుగరు ఉందని తెలిసింది. గోళీలు వేసుకుంటోంది. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. మూడో నెల నడుస్తోంది.

ఒకనాడు ఆశక్క ఇంటికి వచ్చింది. తల్లీబిడ్డల కార్డు తీసి చూసింది.

"మంజులా, షుగరు పరీక్ష అయింది. బీపీ చూసిండ్రు. బరువు చూసిండ్రు. మరి కండ్ల పరీక్ష చేయించుకున్నవా?" అని అడిగింది.

మంజుల నవ్వింది.

"నా కండ్లకు ఏమైందక్కా? మంచిగనే కనబడుతున్నయి. సూదిల దారం ఒక్కసారికే ఎక్కిస్త."

లోపలి నుంచి అత్తమ్మ వచ్చింది.

"కడుపుతోని ఉన్న పిల్లను కండ్ల దవాఖానకు ఎందుకు తిప్పుతరమ్మా? కాన్పయినంక చూసుకుందురు తియ్యి. ఒక దినం పని కూడ పాయె" అన్నది.

అత్తమ్మ చెడ్డది కాదు. కోడలు అలసిపోతుందనే ఆ మాట అన్నది. చాలా ఇండ్లలో పెద్దవాళ్లు ఇట్లాగే అంటారు. కానీ ఆ మాట విని ఊరుకుంటే మంజుల చూపుకే ముప్పు రావచ్చు. ఎందుకో తెలుసుకుందాం.

షుగరు అంటే ఏమిటి?

మనం తిన్న అన్నం, రొట్టె కడుపులో అరుగుతాయి. చక్కెరగా మారుతాయి. ఆ చక్కెర రక్తంలో కలుస్తుంది. రక్తం దాన్ని ఒంటి నిండా మోసుకుపోతుంది. మన ఒంట్లో ఇన్సులిన్ అనే రసం తయారవుతుంది. అది ఉంటేనే చక్కెర రక్తంలో నుంచి కండరాలకు అందుతుంది. అప్పుడే మనకు బలం వస్తుంది.

ఇన్సులిన్ తక్కువైతే చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. ఇన్సులిన్ ఉన్నా సరిగా పని చేయకపోతే కూడా అంతే. దీన్నే మనం షుగరు అంటున్నాం. చక్కెర జబ్బు అన్నా, మధుమేహం అన్నా ఇదే.

కడుపుతో ఉన్నవారిలో షుగరు మూడు తీర్లుగా కనబడుతుంది.

ఒకటో తీరు: షుగరు ముందు నుంచే ఉంది. ఆ సంగతి తెలుసు. తర్వాత నెల తప్పింది. మంజుల సంగతి ఇదే.

రెండో తీరు: ముందు షుగరు లేదు. కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా వచ్చింది. ఎక్కువగా ఇది ఐదారు నెలలు దాటాక కనబడుతుంది. కాన్పు అయ్యాక చాలామందికి తగ్గిపోతుంది.

మూడో తీరు: షుగరు ముందు నుంచే ఉంది. కానీ ఎవరికీ తెలియదు. ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు. కడుపుతో ఉన్నప్పుడు మొదటి పరీక్షలో బయటపడింది.

ఈ మూడో తీరు గురించి బాగా ఆలోచించాలి. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగరు చూసే పరీక్షలు 30 ఏండ్లు దాటినవారికి చేస్తారు. మన ఆడపిల్లలకు చాలామందికి ఆ వయసు రాకముందే పెండ్లి అవుతుంది. పిల్లలు పుడతారు. అందుకే ఎంతోమందికి జీవితంలో మొదటి షుగరు పరీక్ష కడుపుతో ఉన్నప్పుడే జరుగుతుంది. అప్పటిదాకా లోపల ఏముందో తెలియదు.

ఒకటో తీరు, మూడో తీరు తల్లులకు కండ్ల పరీక్ష తప్పనిసరి. రెండో తీరు తల్లులకు అంత భయం లేదు. ఎందుకంటే షుగరు కంటిని పాడు చేయడానికి మామూలుగా ఏండ్లు పడుతుంది. కొత్తగా వచ్చిన షుగరు రెండు మూడు నెలల్లో కంటిని పాడు చేయడం అరుదు. అయినా ఏ తీరు షుగరు అనేది మనం అనుకుంటే సరిపోదు. డాక్టరు చెప్పాలి.

కన్ను లోపల ఏముంది?

కన్ను లోపల వెనుక వైపు ఒక పలుచని పొర ఉంది. డాక్టర్లు దాన్ని రెటీనా అంటారు. మనం చూసే ప్రతి బొమ్మ ఆ పొర మీద పడుతుంది. అక్కడి నుంచి మెదడుకు కబురు పోతుంది. అప్పుడే మనకు కనబడుతుంది.

ఆ పొరకు రక్తం కావాలి. పోచారం ప్రాజెక్టు నీళ్లు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు పొలాలకు ఎట్లా పోతాయి? పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలకు పోతాయి. పిల్ల కాలువల నుంచి చివరి మడి దాకా పోతాయి. కంటిలోనూ అంతే. పెద్ద రక్తనాళం నుంచి చిన్న నాళాలు చీలుతాయి. అవి వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి.

రక్తంలో చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ సన్న నాళాల గట్లు బలహీనపడతాయి. అప్పుడు మూడు నష్టాలు జరుగుతాయి.

మొదటిది: గట్టు నుంచి నీళ్లు ఊరినట్లు నాళం నుంచి రక్తపు ఊట కారుతుంది. లోపలి పొర ఉబ్బుతుంది.

రెండోది: కొన్ని నాళాలు పూడుకుపోతాయి. నీళ్లు అందని చివరి మడి ఎండిపోతుంది. అట్లాగే పొరలో ఆ భాగానికి రక్తం అందదు.

మూడోది: రక్తం అందని చోట కొత్త నాళాలు మొలుస్తాయి. ఇవి మేలు చేస్తాయని అనుకోవద్దు. ఇవి పొలంలో కలుపు మొలిచినట్లు మొలుస్తాయి. చాలా పెళుసుగా ఉంటాయి. ఇవి చిట్లితే కన్ను లోపల రక్తం నిండుతుంది. ఒక్కోసారి ఇవి పొరనే లాగి ఊడదీస్తాయి. అప్పుడు చూపు పోతుంది.

కడుపుతో ఉన్నప్పుడే తొందర ఎందుకు?

"ఏండ్లు పడుతుందన్నరు గదా. కాన్పయినంక చూసుకోవచ్చు గదా" అని మంజుల అత్తమ్మ అడిగినట్లు ఎవరైనా అడుగుతారు. అడగవలసిన మాటే.

మామూలుగా ఏండ్లు పట్టే నష్టం, కడుపుతో ఉన్నప్పుడు కొన్ని నెలల్లోనే ముదరవచ్చు. అందుకు నాలుగు కారణాలు ఉన్నాయి.

కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లో రక్తం పెరుగుతుంది. చివరి నెలలు వచ్చేసరికి మామూలు కన్నా దాదాపు సగం ఎక్కువవుతుంది. బిడ్డకు అది కావాలి. కానీ బలహీనమైన నాళాల మీద దాని వత్తిడి పడుతుంది. వానకాలం వరద వస్తే పాత గట్టుకే గండి పడుతుంది కదా!

ఈ సమయంలో ఒంట్లో ఊరే రసాలు మారుతాయి. ఆ మార్పు కూడా సన్న నాళాల మీద పని చేస్తుంది.

బిడ్డ కోసం డాక్టర్లు షుగరును తొందరగా అదుపులోకి తెస్తారు. చాలా రోజులు ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారిగా తగ్గితే, కంటిలో ఉన్న పాత జబ్బు కొంతకాలం పెరగవచ్చు.

నాలుగోది బీపీ. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి బీపీ పెరుగుతుంది. షుగరు, బీపీ రెండూ కలిస్తే కంటికి ఇంకా చెరుపు.

అయితే షుగరు తగ్గించుకోవద్దా? తప్పకుండా తగ్గించుకోవాలి. తల్లికి షుగరు ఎక్కువగా ఉంటే బిడ్డకు ముప్పు. బిడ్డ మరీ పెద్దగా పెరిగి కాన్పు కష్టం కావచ్చు. గర్భం నిలవకపోవచ్చు. పుట్టిన బిడ్డకు ఇబ్బందులు రావచ్చు. అందుకే షుగరు తగ్గాలి. దానితో పాటే కన్ను కూడా చూడాలి. ఈ రెండూ కలిసి నడవాలి.

చూపు బాగుంటే కన్ను బాగున్నట్లేనా?

కాదు. మనం గుర్తుంచుకోవలసిన అసలు సంగతి ఇదే.

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. కన్ను ఎర్రబడదు. నీరు కారదు. మసక కూడా రాదు. పొర అంచుల్లో నష్టం జరుగుతూ ఉంటుంది. నడుమ భాగం బాగుంటే దారం కనబడుతుంది, అక్షరం కనబడుతుంది, సూది కనబడుతుంది. చివరి మడి ఎండిందో లేదో ఇంటి అరుగు మీద కూర్చుంటే తెలుస్తుందా? పొలం పోయి చూడాలి. కన్ను లోపల ఏమున్నదో కూడా లోపలికి చూస్తేనే తెలుస్తుంది.

మసక వచ్చేదాకా ఆగితే అప్పటికే జబ్బు ముదిరి ఉండవచ్చు. ముదిరాక వైద్యం చేసినా పోయిన చూపు అంతా తిరిగి రాకపోవచ్చు. ముందే కనిపెడితే ఉన్న చూపును కాపాడవచ్చు.

అద్దాల పరీక్ష వేరు, చుక్కల మందు పరీక్ష వేరు

"మాకు కంటి వెలుగుల చూసిండ్రు. అద్దాలు గూడ ఇచ్చిండ్రు" అని కొందరు అంటారు. నిజమే. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. ఆ మొదటి విడతలో రాష్ట్రంలో కోటిన్నర మందికి పైగా కండ్లు చూశారు. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలై అదే ఏడాది ముగిసింది. ఎంతోమంది బీడీ కార్మికులకు, కుట్టుపని చేసేవారికి దగ్గరి చూపు అద్దాలు ఎంతో మేలు చేశాయి.

కానీ అద్దాలకు చూసే పరీక్షలో దూరపు చూపు, దగ్గరి చూపు చూస్తారు. కంటి లోపలి పొరను చూసే పరీక్ష వేరు. దానికి కంట్లో చుక్కల మందు వేస్తారు. నల్లగుడ్డు నడుమ ఉన్న రంధ్రం పెద్దదవుతుంది. తలుపు బార్లా తీస్తే ఇల్లంతా కనబడినట్లు, అప్పుడు లోపలి పొర అంతా కనబడుతుంది.

బతికి ఉన్న మనిషి కంటి లోపలి పొరను చూడడం ఒకప్పుడు డాక్టర్లకు కూడా చేతకాలేదు. 1851లో జర్మనీ దేశంలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త దానికి ఒక సాధనం కనిపెట్టాడు. ఇప్పటి డాక్టర్లు వాడే సాధనాలు దాని తర్వాతి తరం. ఇప్పుడు లోపలి పొరను ఫోటో కూడా తీస్తున్నారు.

పరీక్ష ఎట్లా జరుగుతుంది?

ముందు గోడ మీది అక్షరాలు చదివిస్తారు. తర్వాత చుక్కల మందు వేస్తారు. కొంచెం మంట పుడుతుంది. అర గంట దాకా కూర్చోబెడతారు. తర్వాత డాక్టరు వెలుతురు వేసి చూస్తారు. సూది ఉండదు, కోత ఉండదు.

మందు వేసిన తర్వాత కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనబడతాయి. ఎండ కండ్లలో పొడిచినట్లు ఉంటుంది. సాయంత్రానికో, మరునాటికో అది తగ్గిపోతుంది. అందుకే ఆ రోజు ఈ జాగ్రత్తలు తీసుకోవాలి:

తోడు ఒకరిని తీసుకుపోవాలి. ఒంటరిగా పోవద్దు.

గొడుగు గానీ, తల మీద కప్పుకునే బట్ట గానీ వెంట ఉంచుకోవాలి.

చూపు తేట పడేదాకా బీడీలు చుట్టవద్దు, కుట్టుపని చేయవద్దు, బండి నడపవద్దు.

తల్లీబిడ్డల కార్డు, షుగరు చీటీలు, వేసుకునే మందులు తీసుకుపోవాలి.

తినే వేళకు తినాలి. పరీక్ష ఉందని ఉపాసం ఉండవద్దు.

"నేను కడుపుతో ఉన్నాను, ఇన్నో నెల" అని చుక్కలు వేయకముందే చెప్పాలి.

ఎప్పుడెప్పుడు చేయించుకోవాలి?

షుగరు ముందు నుంచే ఉన్నవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

బిడ్డ కావాలనుకున్నప్పుడే ఒకసారి చేయించుకుంటే అన్నిటికన్నా మంచిది. కంటిలో జబ్బు ఉంటే ముందే వైద్యం అవుతుంది. షుగరును నిదానంగా తగ్గించుకోవచ్చు.

నెల తప్పిందని తెలియగానే, మొదటి మూడు నెలల్లో ఒకసారి చేయించుకోవాలి.

ఏడో నెలలో, అంటే 28 వారాల దగ్గర మళ్లీ ఒకసారి. మొదటిసారి ఏమీ లేదన్నా రెండోసారి పోవాలి.

మొదటిసారే జబ్బు కనబడితే డాక్టరు ఇంకా తొందరగా రమ్మంటారు. ఆ తారీఖుకు తప్పకుండా పోవాలి.

కాన్పు అయ్యాక ఏడాది దాకా డాక్టరు చెప్పినప్పుడల్లా చూపించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకసారి చేయించుకోవాలి. షుగరు ఉన్నన్నాళ్లు ఇది మానవద్దు.

జబ్బు కనబడితే ఏం చేస్తారు?

అందరికీ వైద్యం అవసరం పడదు. చిన్న చిన్న చుక్కలు మాత్రమే ఉంటే షుగరు, బీపీ అదుపులో పెట్టి మళ్లీ మళ్లీ చూస్తారు. చాలామందికి కాన్పు తర్వాత అవి తగ్గుముఖం పడతాయి.

పెళుసు నాళాలు మొలిస్తే లేజరు వైద్యం చేస్తారు. లేజరు అంటే ఒక రకం వెలుతురు. దాన్ని కంటి లోపల కావలసిన చోట మాత్రమే వేస్తారు. చెడ్డ నాళాలు అణిగిపోతాయి. కడుపుతో ఉన్నప్పుడు కూడా లేజరు చేయవచ్చు. ఆ వెలుతురు కన్ను దాటి కడుపు దాకా పోదు.

కంటిలో వేసే కొన్ని సూది మందులు ఉన్నాయి. వాటిని కడుపుతో ఉన్నవారికి మామూలుగా వేయరు. ఏది చేయాలో, ఏది ఆపాలో డాక్టరు చూసుకుంటారు. అందుకే కడుపుతో ఉన్న సంగతి దాచవద్దు.

భయాలు – నిజాలు

"చుక్కల మందు కడుపుల బిడ్డకు చెరుపు చేస్తది."
వేసేది కొన్ని చుక్కలే. చుక్కలు వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టాలి. అప్పుడు మందు ఒంట్లోకి ఇంకా తక్కువగా పోతుంది. షుగరు ఉన్న తల్లికి పరీక్ష మానడంలోనే ఎక్కువ ముప్పు ఉంది.

"పొన్నగంటి కూర తింటే కండ్లు మంచిగైతయి."
పొన్నగంటి కూర మంచి ఆకుకూరే. తినండి. కానీ చిట్లిన నాళాన్ని ఏ కూరా అతకదు.

"మసక వచ్చింది, అద్దాలు మార్చుకుంటే చాలు."
షుగరు పెరిగి తగ్గినప్పుడల్లా చూపు మారుతుంది. ఆ సమయంలో కొత్త అద్దాలు కొంటే పైసలు దండుగ కావచ్చు. ముందు డాక్టరుకు చూపించాలి.

"కండ్లలో జబ్బు ఉంటే ఆపరేషన్ కాన్పే చేయాలె."
అట్లా ఏమీ లేదు. కంటి డాక్టరు, కాన్పు డాక్టరు చూసి చెబుతారు.

ఎప్పుడు ఆగవద్దు?

కంటి ముందు ఉన్నట్టుండి నల్ల చుక్కలు, సాలెగూడు దారాల వంటివి కదిలితే ఆగవద్దు. చూపు మీద తెర పడినట్లు ఉంటే ఆగవద్దు. గీతలు వంకరగా కనబడితే ఆగవద్దు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు పోవాలి.

ఇంకొక సంగతి. ఐదో నెల దాటాక గట్టిగా తలనొప్పి వచ్చి, చూపు మసకబారి, మొఖం, చేతులు వాచితే అది బీపీ కావచ్చు. అది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. వెంటనే 108కు ఫోను చేయాలి. ఇది షుగరు లేనివారికి కూడా వర్తిస్తుంది.

చీటీలో అంకెలు చదువుదాం

దవాఖానలో ఇచ్చే చీటీ ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. భయపడవద్దు. అంకెలు మనకు వచ్చు. అంకెలు చదివితే సగం సంగతి తెలుస్తుంది.

కడుపుతో ఉన్నవారికి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. మొదటిసారి దవాఖానకు పోయినప్పుడు ఈ పరీక్ష చేస్తారు. అప్పుడు షుగరు లేకుంటే 24 నుంచి 28 వారాల నడుమ మళ్లీ చేస్తారు.

140 కన్నా తక్కువ ఉంటే షుగరు లేదని అర్థం.

140 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు అని లెక్క.

మొదటి నెలల్లోనే 200 గానీ, ఆ పైన గానీ ఉంటే షుగరు ముందు నుంచే ఉందేమోనని అనుమానించాలి. పరగడుపున తీసిన రక్తంలో 126 గానీ, ఆ పైన గానీ ఉన్నా అంతే. అప్పుడు "నాకు కండ్ల పరీక్ష కూడా రాయండి" అని మనమే అడగాలి.

వైద్యం మొదలైన తర్వాత తిన్న రెండు గంటలకు షుగరు 120 లోపు ఉండాలని చూస్తారు.

కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవారు కాన్పు అయిన 6 వారాలకు మళ్లీ ఈ పరీక్ష చేయించుకోవాలి. తగ్గిపోయిందని మరచిపోవద్దు. అట్లాంటివారికి తర్వాతి ఏండ్లలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువ.

ఎక్కడికి పోవాలి? ఎట్లా పోవాలి?

ముందు ఊళ్లో ఆశక్కకు గానీ, ఏఎన్‌ఎం అక్కకు గానీ చెప్పాలి. ప్రతి నెల 9వ తారీఖున ప్రభుత్వ దవాఖానల్లో కడుపుతో ఉన్నవారికి డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆ రోజు కండ్ల సంగతి కూడా అడగాలి.

ఒకప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజామాబాదు జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఎల్లారెడ్డి వైపు వారు ముందు ఎల్లారెడ్డి ప్రభుత్వ దవాఖానలో అడగవచ్చు. అక్కడ కంటి లోపలి పొర చూసే పరీక్ష జరగకపోతే కామారెడ్డికి రాసి పంపమనాలి.

ఇంకా పెద్ద వైద్యం కావలసి వస్తే హైదరాబాదు మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి దవాఖాన ఉంది. అది ప్రభుత్వానిది. బంజారా హిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉంది. అది 1987 నుంచి పని చేస్తోంది. పైసలు పెట్టుకోలేనివారికి అక్కడ ఉచితంగా చూస్తారు.

పోయిరావడానికి బస్సు కిరాయి భయం లేదు. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెటు పైసలు లేవు. ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి.

ఒక దేశం సాధించింది

షుగరుతో చూపు పోవడం మన దగ్గరే కాదు. పెద్ద పెద్ద దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండు దేశంలో 2003లో షుగరు ఉన్నవారిని పేరుపేరునా పిలిచి కంటి లోపల ఫోటో తీసే పని మొదలుపెట్టారు. షుగరు ముందు నుంచే ఉన్న తల్లులను కడుపుతో ఉన్నప్పుడు ప్రత్యేకంగా పిలుస్తారు. మొదట్లో ఒకసారి, 28 వారాలకు మరొకసారి.

2010 వచ్చేసరికి ఏమైంది? ఇంగ్లండులో, దాని పక్కనున్న వేల్సులో పని చేసే వయసువారి గుడ్డితనానికి షుగరు మొదటి కారణంగా లేకుండా పోయింది. కనీసం 50 ఏండ్లలో అట్లా జరగడం అదే మొదటిసారి. వైద్యం మెరుగైంది నిజమే. కానీ జబ్బు ముదరకముందే మనుషులను పిలిచి చూడడం దానికి పెద్ద కారణం. పిలిచే మనిషి, పోయే మనిషి ఇద్దరూ ఉంటే మన దగ్గర కూడా అది కాని పని కాదు.

మంజుల ఏం చేసింది?

ఆశక్క ఇవన్నీ విడమరచి చెప్పింది. అత్తమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నది:

"మా అమ్మకు గూడ షుగరే ఉండె. ఆఖరి ఏండ్లల్ల ఆమెకు చూపు లేకుండె. ముసలితనం అనుకున్నం బిడ్డా. ఎవ్వరు చూడమని చెప్పలే."

"ఇప్పుడు చెప్తున్నం గదమ్మా" అన్నది ఆశక్క.

"అయితే నేనే తోలుకపోత. పాపను పక్కింట్ల ఇడిసిపెడుదాం. ఒక దినం బీడీలు పోతే పోనీ."

పొద్దున్నే అత్తాకోడండ్లు బస్సెక్కారు. దవాఖానలో మంజుల కంట్లో చుక్కలు వేశారు. డాక్టరమ్మ లోపలికి చూసింది. రెండు కండ్లలోనూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉన్నాయి. ఇప్పుడు లేజరు అవసరం లేదన్నది. షుగరు అదుపులో పెట్టుకొని, రెండు నెలలకు మళ్లీ రమ్మని చీటీ మీద తారీఖు రాసింది.

"దారం మంచిగనే కనబడుతుంది గద మేడం, ఈ చుక్కలు ఎట్లొచ్చినయి?" అని అడిగింది మంజుల.

"అవి కనబడకుండానే వస్తాయమ్మా. అందుకే మేము చూడాలి" అన్నది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో మంజులకు అన్నీ మసకగా ఉన్నాయి. కొంగు కండ్లకు అడ్డం పెట్టుకొని అత్తమ్మ భుజం మీద తల వాల్చింది. మరునాడు పొద్దున చూపు తేట పడింది. చీటీ తీసి తారీఖును తనే చదివింది. గోడ మీది క్యాలెండరులో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది.

"అత్తమ్మా, ఆ దినం గూడ మనిద్దరమే పోవాలె" అన్నది.

మాట్లాడుకుందాం

1. మీ వాడలో కడుపుతో ఉన్నవారు ఎందరు? వారిలో షుగరు పరీక్ష ఎందరికి అయింది?

2. అద్దాల పరీక్షకు, చుక్కల మందు పరీక్షకు తేడా ఏమిటి? మీ పక్కింటి ఆమెకు మీ మాటల్లో చెప్పండి.

3. మీ కార్డు గానీ, మీ కోడలి కార్డు గానీ తీయండి. షుగరు అంకె ఎంత ఉందో చదవండి.

4. పరీక్షకు పోయే రోజు తోడు ఎవరు పోతారు? పిల్లలను ఎవరు చూస్తారు? సంఘంలో కూర్చొని మాట్లాడుకోండి.